ఐదో డబ్బా

ఆ రోజు మా ఇంట్లో ఉన్నది ఏడుగురం. పట్టెమంచం మీద నాయనమ్మ హనుమాయమ్మ. పంచలో గోడకు ఆనుకుని నాన్న. వంటింటి గడపలో అమ్మ. హాల్లో అటూ ఇటూ తిరుగుతూ పెదనాన్న సుబ్బారావు. తెల్లవారేసరికి హైదరాబాదు బస్సు దిగి వచ్చిన దీప్తక్క, పెదనాన్న పెద్దకూతురు. పక్కింటి జైనాబ్ బీ అత్త మా పొయ్యి దగ్గర టీ కాస్తోంది. ఆ తర్వాత నేను. పెద్దమ్మ చిన్నక్క కాన్పుకని చిలకలూరిపేటలో ఉంది కాబట్టి లెక్కలోకి రాదు. మా అన్న హర్ష లెక్కలోకి వస్తాడో రాడో ఎవరికీ తెలియదు. వాడు ముందు రోజు సాయంత్రం సముద్రంలో పడిపోయాడు.

హర్ష నరసరావుపేటలో డిప్లొమా చేశాడు. ఏడాదిపాటు మిరప చేలో మందు కొడుతూ, బండేసుకుని మాచర్ల దాకా ఊరికే పోయి వస్తూ, నాన్న చేత తిట్లు తింటూ ఉంటే దీప్తక్క కల్పించుకుంది. అక్క పనిచేసేది సముద్రం గురించి పరిశోధన చేసే ఆఫీసులో. వాళ్లకు ఒక చిన్న పడవ ఉంది. దాని మీద యంత్రాలు దింపడానికి, పైకి తీయడానికి మనుషులు కావాలంటే హర్ష పేరు చెప్పింది. వాడు ఎగిరి గంతేసి పోయాడు. పోయిన కొత్తలో రోజూ వీడియోలు పంపేవాడు. ఎటు చూసినా నీళ్లు, మధ్యలో వాడి పళ్లు.

బాపట్లకు ఎదురుగా, ఒడ్డు కనపడనంత దూరంలో పడవ ఉందంట. నీళ్ల మీద తేలే డబ్బాలు ఏడు అంతకుముందే వదిలారు. ఐదోదాన్ని ఎందుకో బాగుచెయ్యాలని కొక్కెంతో లాగుతుంటే అల వచ్చి పడవ ఒరిగింది. డబ్బాతో పాటు హర్ష కూడా నీళ్లలోకి పోయాడు. లైఫ్ జాకెట్ వేసుకునే ఉన్నాడు. పడవ మలుపు తిరిగి వచ్చేసరికి చీకటి పడింది. లైట్లు వేసి వెతికినా కనపడలేదు. ఇదంతా పడవకు పెద్దగా ఉన్న జ్ఞానేశ్వర్ సార్ అక్కకు ఫోన్ చేసి చెప్పాడు. అక్క మాకు ఫోన్లో చెప్పలేదు. బస్సెక్కి వచ్చి, చెప్పులు విప్పకుండానే చెప్పింది.

అమ్మ ఏడవలేదు. "ఈత వచ్చు గదా వాడికి" అంది. ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా అదే మాట చెప్పింది.

అక్క స్టూలు మీద లాప్‌టాప్ పెట్టి తెరిచింది. అందరం చుట్టూ చేరాం. తెర మీద తీరం గీత, దాని పక్కన నీలం రంగులో కోడిగుడ్డులాగా ఒక ఆకారం.

"ఇదేందమ్మా?" అని జైనాబ్ బీ అత్త అడిగింది.

"సుడి అత్తా."

అత్త చేతిలో గ్లాసులు గలగలలాడాయి. "లోపలికి లాక్కుపోతదా?"

"అట్లాంటిది కాదు. ఇది చానా పెద్దది. దీని అడ్డం మాచర్ల నుంచి ఒంగోలు అంత ఉంటుంది. చుట్టూ ఒకసారి తిరిగి రావడానికే వారాలు పడుతుంది. అందులో ఉన్నవాడికి సుడిలో ఉన్నానని కూడా తెలియదు. నడుమ ఒక జానెడు పల్లంగా ఉంటుందంతే."

పెదనాన్న నడక ఆపి వచ్చాడు. "పల్లం ఉందంటే నీళ్లు పల్లానికే గదా పోయేది. వాడు నడిమికి పోయుంటాడు."

"పోడు నాన్నా. నీళ్లు పల్లంలోకి పోబోయి పక్కకు తిరుగుతాయి. భూమి తిరగడం వల్ల అట్లా అవుతుంది. అందుకే ఎప్పటికీ నడుమకు చేరకుండా చుట్టూనే తిరుగుతుంటాయి. పైగా వాడు పడింది అంచులో." అక్క వేలుతో నీలం గుడ్డు అంచు మీద గీసింది. "మాకు ఇబ్బందంతా అంచుతోనే. ఒడ్డు వైపు నుంచి కృష్ణ నీళ్లు, గోదావరి నీళ్లు వస్తాయి. అవి తేలిక. సుడిలోవి ఉప్పు నీళ్లు, బరువు. రెండూ తగిలే చోట బరువైనవి కిందికి జారిపోతాయి. నీళ్లు పోతాయి గానీ నీళ్ల మీద తేలేవి పోలేవు గదా. నురగ, పుల్లలు, ప్లాస్టిక్, అన్నీ అక్కడే ఒక గీతలాగా చేరతాయి. ఆ గీత మన వీధి అంత వెడల్పు ఉంటుంది. దాని పక్కనే పిల్ల సుడులు పుడుతుంటాయి, చచ్చిపోతుంటాయి. పొద్దున ఉన్న గీత సాయంత్రానికి అక్కడ ఉండదు."

"ఇందులో ఏదే గీత?" అని నాన్న కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు.

"కనపడదు బాబాయ్. పైనుంచి ఉపగ్రహం చూసేది ఇది. ఇందులో ఒక గడి అంటే ఇక్కడి నుంచి నరసరావుపేట అంత. గీత దానికి ఆనదు. దాని కోసమే మేం డబ్బాలు వేసింది." అక్క ఇంకేదో నొక్కింది. ఏడు ఎర్ర చుక్కలు వచ్చాయి. ఒక్కో చుక్క పక్కన ఒక అంకె. "ఒక్కో డబ్బాలో ఫోన్‌లాంటిది ఉంది. అరగంటకోసారి నేనిక్కడున్నా అని చెబుతుంది. వేసినప్పుడు అన్నీ దూరం దూరంగా ఉన్నాయి. రాత్రికి చూడు, వరసలోకి వచ్చేశాయి. ఒడ్డు పక్క నీళ్లు దక్షిణానికి పారతాయి గదా, ముందు అటు పోయి, తర్వాత తూర్పుకు తిరిగాయి."

"తూర్పుకంటే లోపలికా? ఒడ్డుకు దూరంగానా?" అమ్మ అడిగింది.

"అవును పిన్నీ."

అమ్మ కొంగుతో తెర మీది దుమ్ము తుడిచింది. ఐదు అంకె ఉన్న చుక్కను మాత్రం ముట్టుకోకుండా చుట్టూ తుడిచింది.

పెదనాన్న చాలాసేపు తెర చూశాడు. ఆయన రెండుసార్లు మండలానికి గెలిచిన మనిషి. మా ఊళ్లో ఆయనకు పేరొచ్చింది మాత్రం గెలిచినందుకు కాదు. మూడేళ్ల కింద కిరణ్ కుమార్ అనే పిల్లవాడు సాగర్ కాలవలో కొట్టుకుపోయినప్పుడు, పెదనాన్న ఫోన్ మీద ఫోన్ చేసి పైన నీళ్లు తగ్గించి, కింద లాకుల దగ్గర అడ్డంగా తాళ్లు కట్టించాడు. పిల్లవాడు తాళ్లకు తగులుకుని ప్రాణాలతో దొరికాడు. మా వైపు ఎవరు కాలవలో పడ్డా పడిన చోట వెతకరు. నేరుగా కింద లాకులకు పరుగెత్తుతారు. వచ్చేది అక్కడికే అని అందరికీ తెలుసు.

"ఇది కింద యాడ తేల్తది?" అని పెదనాన్న తెరలో తీరం గీత పట్టుకుని కిందికి వేలు లాగాడు. నెల్లూరు దాటి, తెర అంచు దాకా.

"మ్యాప్‌లో కింద అంటే పల్లం కాదు నాన్నా. దక్షిణం."

"ఆ మాత్రం తెలుసులే. ఒడ్డు పక్క నీళ్లు దక్షిణానికి పారతాయని నువ్వే గదా అంది."

"పారతాయి. కానీ వాడున్నచోట సుడి వాటిని తిప్పేస్తుంది. గవర్నమెంటు వాళ్లు విమానం పంపారు, మబ్బులని వెనక్కి పోయింది. మా పడవ వాడు పడిన చోటు చుట్టూ వెతుకుతోంది, పైవాళ్లు దాన్ని కదలనివ్వరు. నీకు తెలిసినవాళ్ల బోట్లు రెండు ఉన్నాయన్నావు గదా. అవి ఈ డబ్బాల వెంట పోతే చాలు. ముఖ్యంగా ఐదోది. వాడు పడినప్పుడు పక్కనున్నది అదే."

"ఖాయంగా ఆడుంటాడా?"

అక్క అబద్ధం చెప్పలేదు. "ఖాయంగా చెప్పలేను" అంది.

పెదనాన్న తలూపి, ఫోన్ తీసుకుని పెరట్లోకి పోయాడు.

నేను గేదెలకు కుడితి తీసుకుని చావిడి వెనక నుంచి పోతున్నాను. గోడ అవతల ఆయన గొంతు వినపడింది.

"సాయి కిరణ్, నేను సుబ్బారావును. నీ బోట్ల సంగతి చెబుతా ఇను. బోట్లు తూర్పుకు పంపమాక. ఒడ్డు ఎంబడి కిందికి పోనీ. రెండూ. మా అమ్మాయి చదువుకున్నదే, కాదనటంలా. చదువుకున్నది గానీ పారే నీళ్లలో మనిషిని ఎతికింది నేను. ముందు పోయి కింద అడ్డం కాసుకోండి. వాడు ఆడికే వస్తాడు."

బకెట్ చప్పుడుకు ఆయన ఇటు తిరిగాడు.

"ఎంతసేపయిందే వచ్చి?"

నేను తల అడ్డంగా ఊపాను. దేనికి ఊపానో నాకే తెలియదు.

"అక్క కంగారులో ఉంది. తను పంపించిన పిల్లోడు గదా, ఇప్పుడు ఏది చూస్తే అదే నిజమనిపిస్తది. ఖాయంగా చెప్పలేనని తనే అనె. నువ్వు ఈ మాట ఇంట్లో ఎత్తమాక. వాడొచ్చినాక నేనే చెబుతా." ఆయన నా చేతిలోంచి బకెట్ తీసుకుని కుడితి తానే తొట్టిలో పోశాడు. సగం బయట పడింది. హర్షకు ఈత నేర్పింది ఆయనే.

నేను లోపలికి వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. నాకు అప్పగించిన పని అదే. అక్క ఫోన్లలో ఉంది కాబట్టి, చుక్కలు వచ్చినప్పుడల్లా నేను చూసి చెప్పాలి. నలుగురిలో నోరు తెరవడం నాకు చేతకాదు. క్లాసులో పాఠం చదవమంటే కూడా గొంతు పోతుంది. కానీ చుక్కలు వచ్చాయో లేదో చెప్పడానికి పెద్ద మాటలు అక్కర్లేదు.

పెదనాన్న మాట అక్కకు చెప్పాలనీ ఉంది. ఆయన చెప్పిందే నిజమేమోననీ ఉంది. కిరణ్ కుమార్ బతికే దొరికాడు. వాడు రోజూ మా ఇంటి ముందు నుంచే సైకిలు మీద పోతాడు.

"వచ్చిందా?" అని అమ్మ వంటింట్లోంచి అడిగింది.

"ఆరు వచ్చాయి."

"ఐదోది?"

"రాలేదు."

అమ్మ బయటికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. ఆ చెయ్యి చాలా బరువుగా ఉంది. తర్వాతి అరగంటకు ఐదోది వచ్చింది. ఆ తర్వాత మళ్లీ రాలేదు. అమ్మ అక్కను పిలిచింది. అల మీద పడి ఏరియల్ మునిగితే ఒక్కోసారి రాదని, భయపడొద్దని అక్క చెప్పింది.

"వాడు చిన్నప్పుడూ అంతే" అంది నాయనమ్మ మంచం మీద నుంచి. "పిలవంగానే పలికిందెప్పుడు?"

నాయనమ్మకు ఆ చుక్కే హర్ష. ఎంత చెప్పినా అంతే. నిజం చెప్పాలంటే మా అందరికీ అంతే అయిపోయింది. వాడు ఇప్పుడు కొంచెం పక్కకు జరిగాడు, ఇప్పుడు ఆగాడు అని మాట్లాడుకుంటున్నాం.

ఊళ్లోవాళ్లు రావడం మొదలైంది. మగవాళ్లు పంచలో నాన్న పక్కన కూర్చుని ఏం గాదులే అంటున్నారు. ఆడవాళ్లు లోపలికి వస్తున్నారు. నాదెండ్ల నుంచి వచ్చిన మా బంధువు ఒకామె నీళ్లు తాగి, గ్లాసు కింద పెడుతూ, "బంగారంలాంటి పొలం పెట్టుకుని సముద్రం మీద ఉద్యోగాలేందమ్మా? పంపించినోళ్లు మాత్రం ఏసీలో కూర్చుంటారు" అంది. అక్క వినేటట్టుగానే అంది. అక్క లాప్‌టాప్ తెర కొంచెం వెలుగు తగ్గించి, మళ్లీ పెంచింది. అంతే.

వచ్చినవాళ్లకు టీ పెట్టడానికి పాలు చాలలేదు. కాలవ అవతల చిన్నారి పిన్ని ఇంటికి పోయి పాలు తెమ్మని అమ్మ నన్ను పంపింది.

కాలవ నిండుగా ఉంది. వంతెన మీద సగం దాకా పోయి ఆగాను. ఆగాలని ఆగలేదు. కింద స్తంభం వెనక ఏదో తిరుగుతుంటే చూశాను.

రోజూ చూసేదే. ఎప్పుడూ పట్టించుకోలేదు. స్తంభానికి రెండు పక్కలా నీళ్లు జోరుగా పోతున్నాయి. స్తంభం వెనక మాత్రం నీళ్లు వెనక్కి తిరుగుతున్నాయి. పోయే నీళ్లకీ తిరిగే నీళ్లకీ మధ్య ఒక గీత ఉంది. ఎవరో సుద్దముక్కతో గీసినట్టు నురగ గీత. దాని మీద ఎండిన మొక్కజొన్న పొత్తుల తొక్కలు, ఒక థర్మోకోల్ ప్లేటు, ఒక రబ్బరు చెప్పు. అవి కిందికి పోవడం లేదు. కొంచెం దూరం పోయి, చుట్టూ తిరిగి, మళ్లీ గీత మీదకే వస్తున్నాయి. చుట్టూ అన్ని నీళ్లు లాకుల వైపు పరుగెత్తుతుంటే ఇవి మాత్రం అక్కడే.

వంతెన గోడ పక్కన ఎండు పుల్ల ఒకటి ఉంటే జోరుగా పోయే నీళ్లలోకి విసిరాను. అది కొంత దూరం కొట్టుకుపోయింది. ఇక పోయిందనుకున్నాను. మెల్లగా పక్కకు వంగి, గీత దగ్గరికి వచ్చి చెప్పు పక్కన ఆగింది. గీత కింద నీళ్లు నల్లగా, చప్పుడు లేకుండా లోపలికి దిగిపోతున్నాయి. పైన పుల్ల, చెప్పు, ప్లేటు ఒకదానికొకటి తగులుకుంటూ ఉన్నాయి.

ఎంతసేపు చూశానో తెలియదు. లాకుల వైపు చూశాను. అక్కడ ఎంతమంది తాళ్లు పట్టుకుని నిలబడ్డా ఈ చెప్పు వాళ్లకు దొరకదు.

పాలు తీసుకోకుండానే వెనక్కి పరుగెత్తాను.

ఇంటినిండా జనం. అక్క వాళ్ల మధ్య ఉంది. దగ్గరికి పోయి చున్నీ పట్టుకుని లాగాను. అక్క నా ముఖం చూసి లేచి వచ్చింది. పెరట్లో బట్టలుతికే బండ దగ్గరికి తీసుకుపోయాను.

"అక్కా, బోట్లు తూర్పుకు పోలేదు."

"ఏంది?"

"పెదనాన్న కిందికి పంపాడు. ఒడ్డు వెంట. నేను విన్నాను."

అక్క నన్ను తిట్టలేదు. ఎప్పుడు విన్నావని అడిగింది. పొద్దున టిఫిన్ల వేళప్పుడని చెప్పాను. అక్క కళ్లు మూసుకుంది. లోపల లెక్క వేసుకుంటోందని తెలుస్తోంది. మళ్లీ తెరిచేసరికి వేరే ఏదో గుర్తుకొచ్చినట్టుంది.

"హాసీ, నువ్వు చూస్తున్నావు గదా. ఆగుతున్నది ఐదోది ఒక్కటేనా? మిగతావి ఎప్పుడన్నా ఆగాయా?"

"ఒక్కసారి కూడా ఆగలేదు."

"అలలు అన్నిటికీ ఒకటే" అంది అక్క. నాతో కాదు, తనతో తనే. "ఆ డబ్బా నీళ్ల బిందెంత ఉంటుంది. మనిషి దాని మీద బరువు వేస్తే మునుగుతుంది. మునిగితే కబురు రాదు. చెయ్యి మార్చుకున్నప్పుడో, కొంచెం వదిలినప్పుడో పైకి తేలుతుంది. అప్పుడు వస్తుంది."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"పట్టుకుని ఉన్నాడు" అంది అక్క.

పెదనాన్న చావిట్లో ఒక్కడే మంచం అంచున కూర్చుని ఉన్నాడు. అక్క వెళ్లి ఎదురుగా నిలబడింది.

"బోట్లు ఎక్కడున్నాయి నాన్నా?"

ఆయన నా వైపు చూశాడు. నేను గుంజ నీడలోకి జరిగాను.

"నేను మంచికే చేశా. అడ్డం కాస్తే వాడు..."

"ఇది కాలవ కాదు. దానికి కింద లాకుల్లేవు. అడ్డం కాయడానికి అటువైపు గట్టే లేదు. వాడు ఆ డబ్బా పట్టుకుని ఉన్నాడు. పొద్దున్నుంచీ."

"నీకెట్టా తెలుసు?"

అక్క చెప్పింది. పెదనాన్న విన్నాడు. వినేకొద్దీ ఆయన ముఖం బూడిద రంగుకు తిరిగింది. అయినా ఇంకో మాట ఆయన నోట్లోంచి వచ్చింది. "నువ్వు పంపబట్టే గదా వాడు ఆ నీళ్లలో పడింది."

"అవును. ఆ మాట రేపటి నుంచి బతికినన్నాళ్లు అను, వింటాను. ఇప్పుడు ఫోన్ చెయ్."

ఆయన ఫోన్ తీశాడు. వేలు తెర మీద అటూ ఇటూ పోతోంది గానీ పేరు దొరకడం లేదు. నేనే తీసుకుని సాయి కిరణ్ నంబరు నొక్కి ఇచ్చాను. స్పీకర్‌లో గాలి హోరు, ఆ వెనక గొంతు. "బాబాయ్, బోట్లు చానా కిందికి పోయినయ్. తిప్పుతాలే. కానీ మీరు చెప్పిన చోటికి పోవాలంటే పొద్దుగూకుతది. పొద్దున్నే అటు పోయుంటే ఈపాటికి ఆడే ఉండేవాళ్లు." అక్క జ్ఞానేశ్వర్ సార్‌కు ఫోన్ చేసింది. పైవాళ్లను అడిగి బయలుదేరుతామని, తమకూ అంత సేపే పడుతుందని ఆయన చెప్పాడు. విమానం సంగతి అడిగితే మబ్బు ఇంకా విడవలేదన్నాడు.

"పిన్నికి చెప్పొద్దు" అంది అక్క నాతో. "చేరేదాకా చెప్పొద్దు."

ఆ తర్వాతి సాయంత్రం గురించి రాయడం కష్టం. లాప్‌టాప్ ముందు నేను కూర్చున్నాను. పక్కన అమ్మ. అరగంట అయినప్పుడల్లా ఆరు చుక్కలు వచ్చేవి. ఐదోది రాకపోతే అమ్మ పెదాలు కొరుక్కునేది. నాకు మాత్రం గుండె నిమ్మళించేది. రాలేదంటే వాడి బరువు దాని మీద ఉన్నట్టు. ఒకే తెర చూస్తూ అమ్మ భయపడేదానికి నేను సంతోషపడుతున్నాను, ఆ సంతోషం ముఖంలో కనపడకుండా తల వంచుకుంటున్నాను. అక్క వెనక నిలబడి తెర చూసి, ఐదోది లేదని చూసుకుని, గోడ మీది గడియారం చూసి పోయేది. పెదనాన్న గుమ్మంలోంచి అక్క ముఖం చూసి తెలుసుకునేవాడు.

చుక్కలు తూర్పుకు జరుగుతూనే ఉన్నాయి. వరస ఇంకా సన్నబడింది. చివర కొంచెం వంకర తిరిగింది, పిల్లి తోకలాగా.

"అదేంది, మెలి తిరిగింది?" అని అమ్మ అడిగింది.

"అక్కడొక పిల్ల సుడి పుట్టి ఉంటుంది పిన్నీ."

"అది మంచిదా, చెడ్డదా?"

"నీళ్లకు మంచీ చెడూ ఉండవు పిన్నీ" అంది అక్క. అని వెంటనే అమ్మ చెయ్యి పట్టుకుంది.

జైనాబ్ బీ అత్త తన ఇంట్లో నమాజు చేసుకుని మళ్లీ వచ్చింది. నాయనమ్మకు అన్నం కలిపి పెట్టింది. నాయనమ్మ రెండు ముద్దలు తిని మూడోది పక్కన పెట్టమంది. ఎవరికని ఎవరూ అడగలేదు. పంచలో జనం పలచబడ్డారు. బయట వెలుగు పచ్చబడి, తర్వాత ఎర్రబడింది. బోట్లు సగం దూరం పైన వచ్చాయని సాయి కిరణ్ ఫోన్ చేశాడు. పెదనాన్న "ఇంకా తొందరగా పోలేరా అబ్బాయ్" అని బతిమాలాడు. ఆయన ఎవరినన్నా బతిమాలడం నేను ఎప్పుడూ వినలేదు.

దీపాలు పెట్టే వేళకు ఏడు చుక్కలూ వచ్చాయి.

అమ్మే చూసింది. "వచ్చిందే" అంది. "ఐదోది కూడా వచ్చింది."

చెయ్యి మార్చుకుని ఉంటాడు, అనుకున్నాను. తర్వాతి అరగంట నేను తెర వైపు చూడకుండా గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. వచ్చిందా అని అమ్మ అడగలేదు, తనే చూస్తోంది. తన ఊపిరి మారడం వినపడింది.

"మళ్లీ వచ్చింది. ఏడూ."

ఆ తర్వాత ఇంకోసారి. సమయానికి, మిగతా వాటితో పాటు, ఒక్క నిమిషం కూడా తేడా లేకుండా. ఐదో చుక్క ఇప్పుడు చాలా తేలిగ్గా కదులుతోంది. వరసలో ముందున్న వాటిని దాటేస్తోంది.

అమ్మ ఆ రోజు మొదటిసారి నవ్వింది. "చూడండి, ఇప్పుడు ఆగకుండా వస్తంది" అని నాన్నను పిలిచి చూపించింది. నాన్న కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. జైనాబ్ బీ అత్త పైకి చూసి ఏదో అనుకుంది. అమ్మ లేచి జుట్టు ముడి వేసుకుని, ముఖం కడుక్కుని వచ్చి నాకు అన్నం పెట్టబోయింది.

అక్క తెర చూసింది. ఎంతోసేపు చూడలేదు. వెనక్కి తిరిగితే గుమ్మంలో పెదనాన్న ఉన్నాడు. ఆయన అక్క ముఖం చూశాడు, గుమ్మం పట్టుకున్నాడు.

ఫోన్ మోగింది. తెర మీద జ్ఞానేశ్వర్ సార్ పేరు. అక్క తీసుకుని నడిమింట్లోకి పోయింది. పెదనాన్న వెనకే పోయాడు. నాన్న లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

"ఎవరే హాసినీ? ఏమంటన్నారో కనుక్కో" అంది అమ్మ. అన్నం గిన్నె మీద మూత తీసి పట్టుకుని ఉంది. "ఒడ్డుకు ఎప్పుడు తీసుకొస్తారో అడుగు. మనం యాడికి పోవాలో అడుగు."

నేను లేచి పోయాను. నడిమింటి తలుపు తెరిచే ఉంది. అక్క గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. చాలాసేపు ఊఁ అంటూ విన్నది. తర్వాత మెల్లగా, ఎవరినో నిద్ర లేపకూడదన్నట్టు అడిగింది.

"డబ్బా దొరికింది సరే సార్. నేనడిగింది డబ్బా సంగతి కాదు."

పెదనాన్న బీరువాకు ఆనుకుని ఉన్నాడు. నేను గడప మీద నిలబడటం చూశాడు. పొద్దున పెరట్లో లాగా ఏమీ చెప్పొద్దని అనలేదు. నా వెనక, హాల్లో, గిన్నె మీద గరిటె చప్పుడు, "ఏమంటన్నారే?" అని అమ్మ గొంతు.

ఆయన వచ్చాడు. నా తల మీద చెయ్యి పెట్టి, నన్ను మెల్లగా గడప ఇవతలికి నెట్టి, తలుపు వేశాడు.